కొలవని అంకె

అది నీటి సరఫరా వాళ్లు రోజూ నింపే కాగితం. నిలువు గడులు, అడ్డ గడులు. ఏ తేదీ, పంపు ఎంతసేపు నడిచింది, ఎన్ని నీళ్లు తోడింది, ఎంత క్లోరిన్ వాడారు. చివర ఒక గడి: నీళ్లలో ఎంత క్లోరిన్ మిగిలింది? మిగతావి మీటరు చూసి రాసేయొచ్చు. ఈ ఒక్కదానికి మాత్రం మనిషి వంగాలి. కుళాయి తిప్పి గాజు గొట్టంలో కాసిని నీళ్లు పట్టాలి, మందు కలపాలి, తేలిన రంగును పక్కనున్న రంగులతో పోల్చుకోవాలి. కొద్ది నిమిషాల పని.

2000 మే 13, శనివారం. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అనే చిన్న పట్నం. అయిదో నెంబరు బావి దగ్గరికి రోజులాగే సిబ్బందిలో ఒకరు వచ్చారు. ఆ చివరి గడిలో 0.75 అని పడింది. అంటే లీటరు నీటికి 0.75 మిల్లీగ్రాముల క్లోరిన్ ఇంకా మిగిలే ఉందని. అంత మిగిలితే ఆ నీళ్లు కళ్లు మూసుకుని తాగొచ్చు.

గాజు గొట్టం బయటికి తీయలేదు. నీళ్లు పట్టలేదు. రంగు చూడలేదు. మర్నాడు ఆదివారమూ, ఆ మర్నాడు సోమవారమూ అదే తంతు. అదే అంకె.

ఆ మూడు రోజులూ ఆ బావి నీళ్లు ఊరి కుళాయిల్లోకి పారుతూనే ఉన్నాయి.

వాన ఎనిమిదో తారీకున పట్టుకుంది. అయిదు రోజుల్లో 134 మిల్లీమీటర్లు కురిసింది. అందులో సగానికి పైగా, 70 మిల్లీమీటర్లు, పన్నెండో తారీకు శుక్రవారం ఒక్కనాడే. బంగాళాఖాతం వాయుగుండాలు చూసిన మనకు ఇదొక లెక్కలోది కాదనిపిస్తుంది. కాని ఆ నేలకు అది చాలా పెద్ద వాన. నానిన మన్ను ఇక తాగలేనన్నాక, నీరు దారి వెతుక్కుంటుంది. పల్లానికి పోయేది పల్లానికి పోతుంది, రాతి పగుళ్లు దొరికితే లోపలికి దిగుతుంది.

అయిదో నెంబరు బావి సరిగ్గా అలాంటి చోట ఉంది. 1978లో వేశారు. పేరుకు పదిహేను మీటర్ల లోతు తవ్వినా కేసింగ్ పైపు అయిదు మీటర్లే దింపారు. నీరు ఊరేది అయిదున్నర నుంచి ఏడున్నర మీటర్ల లోపు, నెర్రెలిచ్చిన రాతిలోంచి. మన లెక్కలో చెబితే పద్దెనిమిది అడుగుల నుంచి పాతిక అడుగుల లోపు. కోనసీమలో ఒరలు దింపిన పెరటి బావికీ దానికీ లోతులో పెద్ద తేడా లేదు. పైన మట్టి పొర పలుచన. పైనున్న నీరు ఈ బావిలోకి దిగే ప్రమాదం ఉందని, చుట్టూ ఉన్న పొలాల మీద ఓ కన్ను వేసి ఉంచాలని, బావి వేసినప్పుడే నిపుణుల నివేదిక చెప్పింది. నివేదిక ఫైలులోకి వెళ్లింది. బావికి అనుమతి వచ్చింది. అది కట్టుదిట్టమైన షరతులేమీ లేని అనుమతి. తర్వాత 1994లో, ఇలాంటి బావుల దగ్గర క్లోరిన్‌నూ నీటి మురికినీ క్షణక్షణం కొలిచే యంత్రాలు ఉండాలని రాష్ట్రం నిబంధన పెట్టుకుంది. పాత అనుమతులను తిరగేసి, ఏ బావికి ఆ యంత్రం కావాలో చూసిన వాళ్లు లేరు. ఇరవై రెండేళ్లు ఆ బావి అలాగే నడిచింది.

దగ్గర్లో ఒక పశువుల కొట్టం, దాని పొలం. ఏప్రిల్ చివరలో ఆ పొలానికి పెంట తోలారు. మన ఊళ్లలో ఎండాకాలం చివర తోలినట్టే. ఆ రైతు చేసిన దాంట్లో తప్పేమీ లేదని, పద్ధతి ప్రకారమే చేశాడని తర్వాత విచారణ తేల్చి చెప్పింది. ఈ మాట గట్టిగా చెప్పడం నాకు అవసరమనిపిస్తోంది. ఎందుకంటే ఇలాంటివి జరిగినప్పుడు మొదట వేలు చూపేది పేడ మోసిన మనిషి వైపే.

ఆ పేడలో ఈ-కోలి అనే బాక్టీరియా ఉంది. ఆ పేరున్నవి మనందరి పేగుల్లోనూ ఉంటాయి, వాటిలో చాలా మటుకు మనల్ని ఏమీ అనవు. ఈ రకం వేరు. దీన్ని ఓ157:హెచ్7 అంటారు. మనిషి జబ్బుకు ఇది కారణమని 1982లో మొదటిసారి గుర్తుపట్టారు. ఆవు పేగుల్లో ఆవుకు ఏ బాధా లేకుండా బతికేస్తుంది. మనిషి కడుపులో పడితే విషం వదులుతుంది. కడుపు మెలిపెట్టే నొప్పి, నెత్తురు విరేచనాలు. పసివాళ్లలో, ముసలివాళ్లలో కొందరికి ఆ విషం మూత్రపిండాల దాకా వెళుతుంది. జబ్బు చేయడానికి కోట్ల కొద్దీ క్రిములు అక్కర్లేదు. వందలోపు చాలు. ఒక గుక్కలో పట్టేస్తాయి. దానికి తోడు కాంపిలోబాక్టర్ అనే ఇంకో బాక్టీరియా కూడా ఆ వాన నీటితో దిగింది.

వీటిని ఆపగలిగింది ఒక్కటే, క్లోరిన్. కాని క్లోరిన్ ఖర్చయిపోయే సరుకు. నీటిలో మురికి ఎంత ఎక్కువుంటే అంత వేగంగా దానితో కలిసి కరిగిపోతుంది. ఎదురుగా ఏమీ లేనప్పుడు మిగిలే పాటి క్లోరిన్ వరద నీటి ముందు చిటికెలో అయిపోతుంది. అందుకే ఎంత పోశామన్నది కాకుండా ఎంత మిగిలిందన్నది చూడమంటారు. అయిదో నెంబరు బావిలో పోసిందే తక్కువ. వాన దిగాక మిగిలింది దాదాపు ఏమీ లేదు. శనివారం నాడు ఆ గాజు గొట్టంలో నీళ్లు పట్టి ఉంటే రంగు తేలేది కాదు. రంగు తేలకపోవడమే కేక.

ఎందుకు పట్టలేదు? ఆ ఊరి నీటి సరఫరాకు పెద్ద స్టాన్ కోబెల్. అతని తమ్ముడు ఫ్రాంక్ అతని కింద మేస్త్రీ. స్టాన్ 1972లో, ఇంకా మీసం సరిగా రాని వయసులో, పనిలో చేరాడు. వాళ్ల నాన్నది కూడా అక్కడే కొలువు. పని పెద్దవాళ్ల వెనక తిరిగి నేర్చుకున్నాడు. అర్హత పత్రం కూడా పరీక్ష రాయకుండా, అనుభవం చూసి ఇచ్చిందే. గొట్టం ఎక్కడ పగిలిందో, ఏ వాల్వు ఎటు తిప్పాలో అతనికి తెలుసు. ఈ-కోలి ఎంత ప్రమాదకరమో తెలియదు. ఊళ్లోవాళ్లు క్లోరిన్ వాసన వస్తోందని ఫిర్యాదు చేసేవారు. అన్నదమ్ములిద్దరూ బావుల దగ్గర శుద్ధి చేయని పచ్చి నీళ్లే తాగేవారు. చల్లగా, తేటగా ఉండేవి. ఇన్నేళ్లుగా తమకేమీ కాలేదు కదా. కాబట్టి క్లోరిన్ తగ్గించి పోయడం, కొలవకుండా 0.5 అనో 0.75 అనో రాయడం ఏళ్ల తరబడి అలవాటుగా సాగింది. వాళ్లు ఎవరికీ చెడు తలపెట్టలేదు. చదువుతుంటే నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

పదిహేనో తారీకు సోమవారం మామూలు పరీక్ష కోసం నీటి నమూనాలు లాబొరేటరీకి పంపారు. బుధవారం, పదిహేడున, ఫలితం వచ్చింది. ఫాక్స్ యంత్రంలోంచి కాగితం బయటికి వచ్చింది. నమూనాల్లో కోలిఫామ్ ఉంది, ఈ-కోలి ఉంది. ఆ లాబొరేటరీ ఫలితాన్ని తనకు నమూనా పంపినవాళ్లకే పంపింది. ఆరోగ్య శాఖకో, పర్యావరణ శాఖకో కూడా చెప్పి తీరాలన్న చట్టం అప్పటికి లేదు. నాలుగేళ్ల కిందటే ప్రభుత్వ లాబొరేటరీలు ఈ పరీక్షలు మానేసి ప్రైవేటుకు వదిలేశాయి. అలా వదిలినప్పుడు ఈ ఒక్క తాడు తెగి ఉందని ఎవరూ చూసుకోలేదు.

కాగితం స్టాన్ కోబెల్ బల్ల మీద ఉంది. ఊళ్లో 4,800 మంది జనాభా.

గురువారం, పద్దెనిమిదిన, అరవై కిలోమీటర్ల దూరంలోని ఓవెన్ సౌండ్ ఆస్పత్రిలో ఇద్దరు పిల్లలు చేరారు. ఏడేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప. ఇద్దరికీ కడుపు నొప్పి, నెత్తురు విరేచనాలు. అక్కడి పిల్లల డాక్టరు వివరాలు అడిగింది. ఇద్దరూ వాకర్టన్ వాళ్లే. ఒకే ఊరు, ఒకే లక్షణం. శుక్రవారం ఆమె ఆరోగ్య విభాగానికి ఫోన్ చేసింది. ఆ ఫోన్ చేయకపోయి ఉంటే ఈ కథ ఇంకెన్ని రోజులు సాగేదో.

ఆరోగ్య విభాగం వాళ్లు తిన్నగా స్టాన్ కోబెల్‌కే ఫోన్ చేశారు. నీళ్లు ఎలా ఉన్నాయి? బాగానే ఉన్నాయన్నాడు. బల్ల మీద కాగితం రెండు రోజులుగా అక్కడే ఉంది. ఫోన్ పెట్టేశాక అతను చేసింది ఏమిటంటే, పైపులు కడగడం మొదలుపెట్టాడు, క్లోరిన్ మోతాదు పెంచాడు. ఎవరికీ తెలియకుండా తనే సరిచేసేద్దామనుకున్నాడు. శనివారం ఆస్పత్రిలో ఒక బిడ్డ మలపరీక్షలో ఓ157 ఆనవాలు దొరికింది. మళ్లీ ఫోన్. మళ్లీ అదే జవాబు. ఊరి జనం ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటున్నారు: నీళ్లు తాగొచ్చా? తాగొచ్చునట, నీటి సరఫరా వాళ్లే చెప్పారు. జబ్బు పడిన పిల్లలకు ఒంట్లో నీరు పోకుండా తల్లులు పట్టించింది కూడా ఆ కుళాయి నీళ్లే. ఇది రాయడానికి నా చెయ్యి ఆడలేదు.

శనివారం మధ్యాహ్నం సిబ్బందిలోనే ఒకడు, పేరు చెప్పకుండా, పర్యావరణ శాఖ అత్యవసర నంబరుకు ఫోన్ చేశాడు. నీటి నమూనాలు పరీక్షలో తప్పాయని చెప్పాడు. ఆ శాఖవాళ్లు అడిగితే స్టాన్ విషయాన్ని పైపులైను పనుల మీదికి మళ్లించాడు.

ఆదివారం, ఇరవై ఒకటో తారీకు, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు డాక్టర్ మర్రే మెక్‌క్విగ్ ఇక ఎదురు చూడలేదు. ఆయన ఆ ప్రాంత వైద్యాధికారి. చేతిలో నీటి పరీక్ష ఫలితం లేదు. సరఫరా పెద్ద బాగానే ఉన్నాయంటున్నాడు. అయినా నీళ్లు కాచుకునే తాగాలని రేడియోలో ప్రకటన ఇప్పించారు. అది సెలవుల వారాంతం. రేడియో పెట్టనివాళ్లు చాలామంది. ఇల్లిల్లూ తిరిగి కరపత్రాలు పంచలేదు, టీవీలో చెప్పించలేదు. మరో రోజు, రెండు రోజులు తాగినవాళ్లు తాగుతూనే ఉన్నారు. ఊరి మీద దండోరా వేయించే మన పాత పద్ధతికి ఒక గుణం ఉంది: అది చెవిలో పడని గడప ఉండదు.

సోమవారం ఒక పెద్దావిడ పోయింది. మంగళవారం రెండేళ్ల పాప పోయింది.

అదే మంగళవారం, ఆరోగ్య విభాగం సొంతంగా పట్టించిన నమూనాల ఫలితం వచ్చింది. ఈ-కోలి. అప్పుడు, నిలదీసి అడిగాక, పదిహేడో తారీకు కాగితం సంగతి బయటపడింది. ఇంకోటి కూడా తర్వాత తేలింది. ఊరికి నీళ్లిచ్చే ఇంకో బావిని, ఏడో నెంబరుదాన్ని, క్లోరిన్ యంత్రమే లేకుండా కొన్ని రోజులు నడిపారు. అది కప్పిపుచ్చడానికి ఆ రోజుల కాగితాన్ని అన్న చెబితే తమ్ముడు తిరగరాశాడు.

ఆరోగ్య విభాగంలో కొందరు కూర్చుని జబ్బుపడిన ఒక్కొక్కరి పేరు పక్కన లక్షణం మొదలైన తారీకు రాసి, గీత గీశారు. ఈ క్రిమి కడుపులో పడ్డాక సాధారణంగా మూడు నాలుగు రోజులకు బయటపడుతుంది. గీతను వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే వేలు పన్నెండో తారీకు దగ్గర ఆగింది. పెద్ద వాన కురిసిన శుక్రవారం. పద్నాలుగు అక్కడ మాతృదినం. ఆ ఒక్క రోజు అమ్మను చూడడానికి ఊరికి వచ్చి, భోజనం చేసి, మంచినీళ్లు తాగి వెళ్లినవాళ్లు కూడా జబ్బుపడ్డ వాళ్లలో ఉన్నారు.

మొత్తం 2,300 మంది. ఊరిలో దాదాపు సగం. అరవై అయిదు మంది ఆస్పత్రి పాలయ్యారు. ఇరవై ఏడు మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. ఏడుగురు చనిపోయారు. డిసెంబరు 5న గాని ఆ ఊరి కుళాయి నీళ్లు కాచకుండా తాగొచ్చని చెప్పలేదు. ఆరున్నర నెలలు.

న్యాయమూర్తి డెనిస్ ఓకానర్ ఆ ఊళ్లోనే కూర్చుని విచారణ జరిపారు. వంద మందికి పైగా సాక్షులను విన్నారు. 2002లో వచ్చిన ఆయన నివేదిక అన్నదమ్ములను ఏమాత్రం వెనకేసుకు రాలేదు. అలాగని వాళ్ల నెత్తిన మొత్తం పెట్టి ఊరుకోలేదు. తనిఖీకి వచ్చి ఆ గడులు చూసి కూడా అనుమానపడని అధికారులు, ఖర్చు తగ్గించే పేరుతో పర్యావరణ శాఖను బలహీనపరచిన ప్రభుత్వం, అందరి వంతూ రాశారు. కోబెల్ సోదరులు నేరం ఒప్పుకున్నారు. 2004లో అన్నకు ఏడాది జైలు, తమ్ముడికి తొమ్మిది నెలల గృహనిర్బంధం పడ్డాయి.

ఆ నివేదికలో ఒక మాట నన్ను వదలడం లేదు. శుక్రవారం, పంతొమ్మిదినే నిజం చెప్పి ఉంటే మూడు నాలుగు వందల మందికి జబ్బు తప్పేది. కాని చనిపోయినవాళ్లు బతికేవారని మాత్రం చెప్పలేమంది. అప్పటికే ఆలస్యమైపోయింది. అంటే ఫాక్స్ కాగితం దాచడం ఎంత ఘోరమైనా, ఆ ఏడు ప్రాణాల సంగతి తేలింది అంతకు ముందే, బావి దగ్గర, గడి నింపేటప్పుడు. క్షణక్షణం కొలిచే యంత్రం అక్కడ ఉండి ఉంటే ఈ ఉపద్రవమే జరిగేది కాదని నివేదిక తేల్చింది. యంత్రం లేకపోతే పోనీ, గాజు గొట్టం ఉంది.

మన దగ్గరికి వస్తే, 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు చూడలేదు. కింద లంకల్లో బావులు మునిగాయి. నీరు తీశాక నేను ఒక లంక ఊరికి వెళ్లాను. పెరడంతా ఒండ్రు, చచ్చిన కోళ్ల వాసన. పశువుల పాక బావికి పది బారల దూరంలో ఉంది, మరుగుదొడ్డి గుంట ఇంకో వైపు. బావిలోకి తొంగి చూస్తే నీళ్లు చేతికందేంత పైకి ఉన్నాయి. ఒండ్రు అడుక్కి దిగిపోయి పైన తేటగా, ఆకాశం కనపడేంత తేటగా ఉన్నాయి.

ఆశా కార్యకర్త బకెట్‌లో బ్లీచింగ్ పౌడరు వేసి కాసిని నీళ్లతో ముద్దగా కలిపింది. తర్వాత ముప్పాతిక దాకా నీళ్లు పోసి కలియబెట్టి, సున్నం అడుక్కి దిగేదాకా ఆగింది. పై తేట నీళ్లను ఇంకో బకెట్‌లోకి ఒంపుకుంది. అడుగు సున్నం బావిలో వేయకూడదు, నీళ్లు గట్టిపడతాయి. ఆ బకెట్‌ను చేంతాడుకు కట్టి నీళ్లలోకి దింపి, పైకీ కిందికీ, అటూ ఇటూ గట్టిగా ఆడించింది. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల పౌడరు. రెండు మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల నీళ్లున్న బావికి నలభై గ్రాములు, గుప్పెడు. వరద పోయాక దానికి రెట్టింపు. గంటసేపు ఎవరూ తోడకూడదు.

ఆ ఇంటి మామ్మగారు అరుగు మీద కూర్చుని చూస్తోంది.

"ఎందుకమ్మాయ్, మొన్న ఆ గట్టు మీద బావిలో కూడా ఇట్టాగే పోశారు. ఆ కంపుకి కాఫీ గొంతు దిగట్లేదు. మా నీళ్లు చూడు, పన్నీరులా ఉన్నాయి."

"కొన్నాళ్లు ఓర్చుకోండి మామ్మగారూ. ఆ కంపు ఉన్నన్నాళ్లే మనకి ధైర్యం."

గంట అయింది. ఆ పిల్ల చేదతో నీళ్లు తోడి చిన్న గాజు గొట్టంలో పట్టింది. సీసాలోంచి మందు చుక్కలు వేసింది. క్లోరిన్ మిగిలి ఉంటే నీళ్లు పసుపు తేలాలి. గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. నేనూ పక్కన నిలబడి చూశాను. మామ్మగారు కూడా అరుగు దిగి వచ్చింది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఆ పిల్ల ఆ నీళ్లు పారబోసి, గొట్టం కడిగి, మళ్లీ పట్టింది. మళ్లీ చుక్కలు. మళ్లీ ఏమీ లేదు.

చెయ్యి తుడుచుకుని, సంచిలోంచి పుస్తకం తీసి, ఆ బావి ఎదురుగా ఉన్న గడిలో సున్నా వేసింది. తర్వాత పౌడరు డబ్బా మూత మళ్లీ తీసింది.